విలియం డి వారెన్: ఒక నార్మన్ బారన్ జీవితం, భూసంపద

ఇంగ్లండు చరిత్ర చదివిన ప్రతివారికీ 1066వ సంవత్సరం కంఠస్థమే. ఆ ఏడాది అక్టోబరు 14న హేస్టింగ్స్ సమీపంలో జరిగిన యుద్ధంలో ఇంగ్లీషు రాజు హెరాల్డ్ మరణించాడు. విజయం సాధించిన నార్మండీ డ్యూక్ విలియం క్రిస్మస్ పండుగనాడు వెస్ట్‌మినిస్టర్‌లో పట్టాభిషిక్తుడయ్యాడు. పాఠ్యపుస్తకాలలో కథ సాధారణంగా అక్కడితో ముగుస్తుంది. కాని ఆ దేశపు పల్లెలలో నివసించే రైతుకు అసలు కథ ఆ తరువాతనే మొదలయింది. రాజు మారితే నాణెం మీది బొమ్మ మారుతుంది. భూమి యజమాని మారితే ఆ భూమిని దున్నేవాని బ్రతుకే మారుతుంది. హేస్టింగ్స్ యుద్ధం జరిగిన ఇరవై సంవత్సరాలలో ఇంగ్లండులోని భూమి దాదాపు అంతా చేతులు మారింది. 1086 నాటికి ఇంగ్లీషువారి అధీనంలో మిగిలినది విలువలో సుమారు ఇరవయ్యవ వంతు మాత్రమే. మిగిలినదంతా రాజుకు, మఠాలకు, ఇన్నూరు మందికి మించని బారన్లకు దక్కింది.

ఆ బారన్లలో విలియం డి వారెన్ ఒకడు. ఆయన చక్రవర్తి కాదు, మహాకవి కాదు, మతాచార్యుడు కాదు. అయినా ఆయన జీవితం తెలుసుకొంటే ఒక దేశాన్ని జయించటం అంటే ఏమిటో, జయించిన నేలను నిలుపుకోవటం అంటే ఏమిటో, ఆ నేల మీద శ్రమించినవారికి చరిత్రలో ఏపాటి చోటు దక్కిందో స్పష్టంగా తెలుస్తుంది.

చిన్న కుమారుని అదృష్టం

వారెన్ అనేది ఇంటిపేరుగా మారిన ఊరిపేరు. ఉత్తర ఫ్రాన్సులో దియెప్ రేవుకు దక్షిణంగా వారెన్ అనే చిన్న నది ఉన్నది. ఆ నది పేరుతోనే ఒక పల్లె, ఆ పల్లె పేరుతో ఒక కుటుంబం ప్రసిద్ధికెక్కాయి. విలియం ఆ కుటుంబంలో చిన్న కుమారుడు. తండ్రి ఆస్తిలో అధిక భాగం అన్నకు చెందింది. ఆనాటి నార్మండీలో అటువంటి చిన్న కుమారులకు రెండే దారులు: మఠంలో చేరటం, లేదా గుర్రమెక్కి ప్రభువు సేవలో పేరు తెచ్చుకోవటం. విలియం రెండవ దారిని ఎన్నుకొన్నాడు.

1054లో ఫ్రెంచి రాజు సేనలు నార్మండీ మీద దండెత్తినపుడు మోర్తెమెర్ వద్ద జరిగిన పోరాటంలో నార్మన్లు గెలిచారు. ఆ యుద్ధంలో ఒక శత్రు నాయకుని తప్పించుకోనిచ్చాడన్న కారణంతో రోజర్ అనే ప్రభువు మీద డ్యూక్‌కు ఆగ్రహం కలిగింది. రోజర్ వద్దనుండి తీసుకొన్న మోర్తెమెర్ కోటను డ్యూక్ ఈ యువకునికి అనుగ్రహించాడు. రోజర్ విలియమునకు బంధువే. ఒకరి పతనం మరొకరికి సోపానం కావటం ఆ కాలపు రాజకీయాలలో నిత్యకృత్యం. క్రమంగా బెలెన్‌కోంబ్ అనే చోట ఆయన మరొక బలమైన స్థావరం ఏర్పరచుకొన్నాడు.

పన్నెండేళ్ల తరువాత ఇంగ్లండు దండయాత్రకు ముందు డ్యూక్ సమావేశపరచిన సలహాదారులలో విలియం పేరు కనిపిస్తుంది. హేస్టింగ్స్ రణరంగంలో తమ పూర్వికులు పోరాడారని చెప్పుకొన్న ఇంగ్లీషు కుటుంబాలు తరువాతి కాలంలో వందల సంఖ్యలో బయలుదేరాయి. అయితే అక్కడ నిజంగా ఉన్నారని ప్రాచీన ఆధారాలతో నిరూపించగలిగిన వ్యక్తులు సుమారు పదిహేను మంది మాత్రమే. వారిలో విలియం డి వారెన్ ఒకడు.

సముద్రతీరం నుండి యార్క్‌షైర్ వరకు

విజయానంతరం రాజు మొదట ఆలోచించినది తీరరక్షణ గురించి. నార్మండీకి ఎదురుగా ఉన్న ససెక్స్ తీరం తన చేతిలో భద్రంగా ఉంటేనే రాకపోకలు సాగుతాయి. అందుచేత ససెక్స్‌ను ఉత్తరం నుండి దక్షిణానికి సాగే నిలువు చీలికలుగా విభజించి, ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క విశ్వాసపాత్రునికి అప్పగించాడు. ఈ విభాగాలను అక్కడ రేప్ అని పిలిచేవారు. ప్రతి భాగానికి ఒక కోట, సముద్రంలోకి ఒక దారి ఉండేటట్లు ఏర్పాటు జరిగింది. ఆరండెల్, బ్రాంబర్, లూయిస్, పెవెన్సీ, హేస్టింగ్స్ అనే అయిదింటిలో లూయిస్ వారెన్‌కు లభించింది. ఊజ్ నది కొండల మధ్యగా సముద్రానికి సాగే చోట, ఎత్తయిన నేల మీద ఆయన కోట కట్టాడు. సాధారణంగా నార్మన్ కోటకు ఒకే మట్టిదిబ్బ ఉంటుంది. లూయిస్ కోటకు రెండు దిబ్బలు ఉన్నాయి. ఇంగ్లండులో ఈ విశేషం లూయిస్‌తో పాటు లింకన్‌లో మాత్రమే కనిపిస్తుంది.

బ్రాంబర్ భాగాన్ని ఏర్పరచినపుడు లూయిస్ నుండి కొంత భూమి తీసివేయవలసి వచ్చింది. దానికి బదులుగా వారెన్‌కు నార్ఫోక్ ప్రాంతంలో భూములు ఇచ్చారు. ఆ భూముల పద్దుల దగ్గర, అవి లూయిస్ మారకం క్రింద వచ్చినవని లేఖకుడు మరువకుండా వ్రాశాడు. ఒక చోట పోయిన నేలకు మరొక చోట లెక్క సరిచూసుకొన్న బారన్ జాగ్రత్త ఆ చిన్న మాటలో కనిపిస్తుంది.

నార్ఫోక్‌లో ఆయన ముఖ్య స్థావరం కాజిల్ ఏకర్. విజయానికి పూర్వం అది టోకీ అనే సంపన్న ఆంగ్లో శాక్సన్ భూస్వామిది. 1970లలో జరిగిన తవ్వకాలలో అక్కడ ఒక ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. వారెన్ అక్కడ మొదట కట్టినది దుర్భేద్యమైన దుర్గం కాదు. రెండు అంతస్తుల రాతి నివాసభవనం. చుట్టూ ఉన్న కందకం, కట్ట కూడా నామమాత్రమైనవే. అంటే ఆ ప్రాంతంలో తనకు వెంటనే ప్రమాదం లేదని ఆయన భావించి ఉండాలి. సుమారు డెబ్బయి సంవత్సరాల తరువాత, అంతర్యుద్ధం చెలరేగిన రోజులలో, ఆయన వంశీకులు ఆ భవనపు గోడలను రెట్టింపు మందం చేసి కోటగా మార్చుకొన్నారు.

ఉత్తరాన యార్క్‌షైర్‌లో కోనిస్‌బ్రో అనే పెద్ద ఎస్టేటు ఆయనకు దక్కింది. అది పూర్వం హెరాల్డ్ రాజు స్వంత భూమి. దానితో కలిసి దాదాపు ముప్ఫయి గ్రామాల మీద అధికారం సంక్రమించింది. ఈ విధంగా 1086 నాటికి వారెన్ భూములు పదమూడు కౌంటీలలో వ్యాపించాయి. వాటి వార్షిక విలువ 1,100 పౌండ్లకు పైబడి ఉండేది. రాజకుటుంబాన్ని మినహాయిస్తే ఇంగ్లండులో అత్యంత ధనవంతులైన అయిదారుగురిలో ఆయన ఒకడు.

భూములు ఇలా ఒకే చోట కాక పలుచోట్ల చెదరి ఉండటానికి కారణాలు ఉన్నాయి. దేశం ఒక్కరోజున స్వాధీనం కాలేదు. ఒక్కొక్క ప్రాంతం లోబడిన కొద్దీ రాజు పంపకం సాగించాడు. సాధారణంగా ఒక ఇంగ్లీషు భూస్వామి ఆస్తి ఎక్కడెక్కడ ఉంటే అక్కడిది అంతా అతని స్థానంలోకి వచ్చిన నార్మనుకు సంక్రమించేది. దీనివలన ఏ బారనూ ఒక ప్రాంతానికి స్వతంత్ర ప్రభువుగా ఎదగటం కష్టమయింది. రాజుకు ఇది లాభదాయకమే.

హక్కు, బాధ్యత

బారన్ అంటే భూమికి సర్వహక్కులు గల యజమాని అని అనుకోవటం పొరపాటు. విజేత విలియం సిద్ధాంతం ప్రకారం దేశంలోని భూమి అంతా రాజుదే. బారన్ దానిని రాజు నుండి నేరుగా పొంది అనుభవించేవాడు మాత్రమే. అందుకు ప్రతిఫలంగా నిర్ణీత సంఖ్యలో ఆయుధధారులైన నైట్లను రాజసేవకు పంపాలి. రాజసభకు హాజరై సలహా చెప్పాలి. బారన్ మరణిస్తే వారసుడు రిలీఫ్ అనే రుసుము చెల్లించి భూమి పొందాలి. వారసుడు పసివాడైతే ఆస్తి నిర్వహణ రాజు చేతికి పోతుంది. వారసురాలు ఆడపిల్ల అయితే ఆమె వివాహం నిశ్చయించే హక్కు కూడా రాజుదే.

బారన్ తన క్రింద ఇదే పద్ధతిని అనుసరించేవాడు. కొన్ని మేనర్లను స్వంత అనుభవానికి ఉంచుకొని, మిగిలినవాటిని తన అనుచరులకు పంచేవాడు. వారెన్ వెంట నార్మండీ నుండి, ఫ్లాండర్స్ నుండి వచ్చిన అనుచరులు ససెక్స్, నార్ఫోక్ గ్రామాలలో ఆ విధంగానే స్థిరపడ్డారు. అందరికంటె క్రింద గ్రామంలోని రైతు ఉండేవాడు. అతడు ప్రభువు పొలంలో వారంలో కొన్ని దినాలు వెట్టిగా పని చేసి, మిగిలిన రోజులలో తన చెక్క సాగు చేసుకొనేవాడు. పైన ఉన్న గోపురపు బరువంతా పునాది రాళ్ల మీద పడినట్లు, ఈ వ్యవస్థ భారమంతా అతని భుజాల మీదనే ఉండేది.

డూమ్స్‌డే గ్రంథం చెప్పే సంగతులు

వారెన్ సంపద గురించి ఇంత ఖచ్చితంగా తెలియటానికి ఒకే కారణం డూమ్స్‌డే గ్రంథం. 1085 క్రిస్మస్ సమయంలో గ్లాస్టర్‌లో సభ తీర్చిన రాజు, దేశమంతటా భూముల విచారణ జరపమని ఆజ్ఞాపించాడు. మరుసటి సంవత్సరం అధికారులు కౌంటీలకు వెళ్లి ప్రతి మేనరు గురించి ఒకే ప్రశ్నావళితో విచారించారు. ఎడ్వర్డ్ రాజు కాలంలో ఈ భూమి ఎవరిది? ఇప్పుడు ఎవరిది? నాగళ్లు ఎన్ని? రైతులు, కూలీలు, బానిసలు ఎందరు? అడవి, పచ్చికబయలు, మరలు, చేపల మడుగులు ఎన్ని? అప్పటి విలువ ఎంత, ఇప్పటి విలువ ఎంత? స్థానికులు ప్రమాణం చేసి సమాధానాలు చెప్పారు. అందులో నార్మన్లు, ఇంగ్లీషువారు ఇరువురూ ఉన్నారు. ఒక్క ఎద్దును గాని, ఆవును గాని, పందిని గాని విడిచిపెట్టలేదని ఆనాటి ఇంగ్లీషు చరిత్రలేఖకుడు సిగ్గుపడుతూ వ్రాశాడు. పదమూడు వేలకు పైగా స్థలాల వివరాలు ఇందులో ఉన్నాయి. ఈ నిర్ణయం మీద మరి అప్పీలు లేదు గనుక, ప్రజలు దీనిని ప్రళయకాలపు తీర్పుతో పోల్చి డూమ్స్‌డే అని పిలిచారు.

వారెన్ భూముల పద్దులు చదువుతుంటే ఆనాటి పల్లెలు కళ్లకు కడతాయి. లూయిస్ సమీపంలోని ఐఫర్డ్ పూర్వం ఎడ్వర్డ్ రాజు భార్య ఎడిత్ రాణిది. అక్కడి నుండి వారెన్‌కు ఏటా 16,000 హెర్రింగ్ చేపలు చెల్లించవలసి ఉండేది. ఈనాడు విహారనగరంగా లోకప్రసిద్ధి పొందిన బ్రైటన్ ఆ రోజులలో ఒక చేపల పల్లె. అక్కడ వారెన్ అనుచరుని మేనరు ఒకటి శిస్తుగా 4,000 హెర్రింగ్ చేపలు చెల్లించేది. సముద్రం మీద వల వేసిన జాలరి కష్టం కూడా ఈ విధంగా బారన్ ఖాతాలో చేరింది. నార్ఫోక్ పద్దులు మరింత వివరమైనవి. ఆ కౌంటీ వివరాలు గల సంపుటంలో ప్రభువుల గొర్రెలు, పందులు కూడా లెక్కకు వచ్చాయి. అక్కడ ఎందరో స్వతంత్ర రైతులు వారెన్ అధికారం క్రిందికి వచ్చినట్లు ఆ పద్దులు చెబుతున్నాయి.

లూయిస్ పట్టణపు ఆచారాల జాబితాలో మరొక సంగతి ఉన్నది. ఎడ్వర్డ్ రాజు కాలం నాటి ఆ ఆచారం ప్రకారం పట్టణంలో గుర్రం అమ్మితే అమ్మినవాడు ఒక పెన్నీ, కొన్నవాడు ఒక పెన్నీ అధికారికి చెల్లించాలి. ఎద్దును అమ్మితే అర పెన్నీ. మనిషిని అమ్మితే నాలుగు పెన్నీలు. ఆ లేఖకుడు గుర్రాన్ని, ఎద్దును, మనిషిని ఒకే వరుసలో, ఒకే సిరాతో వ్రాసుకొనిపోయాడు. చదివేవారి చూపు మాత్రం ఆ మూడవ మాట దగ్గర ఆగక తప్పదు.

డూమ్స్‌డే గ్రంథంలో నమోదయిన మనుషులు సుమారు 2 లక్షల 69 వేలు. వీరిలో ఎక్కువమంది కుటుంబ యజమానులు. సుమారు 28 వేల మంది బానిసలు. భూములు కలవారి పేర్లు గ్రంథంలో ఉన్నాయి. టోకీ వలె భూమి పోగొట్టుకొన్నవారి పేర్లు కూడా మిగిలాయి. దున్నినవారికి మాత్రం దాదాపు ఎక్కడా పేరు లేదు. ఇరవై మంది రైతులు, పది మంది కూలీలు, నలుగురు బానిసలు అనే అంకెలే వారి చిరునామా. అయినా ఆ అంకెలు కూడా లేకపోతే వారు ఉండినట్లే మనకు తెలిసేది కాదు. పన్ను కోసం వ్రాసిన పద్దు వారికి మిగిలిన ఒకే ఒక జ్ఞాపకమయింది.

గుండ్రాడా, లూయిస్ మఠం

వారెన్ భార్య గుండ్రాడా ఫ్లాండర్స్ దేశపు కులీన కుటుంబానికి చెందినది. ఆమె సోదరుడు గెర్బాడ్ కొద్దికాలం చెస్టర్ ఎర్ల్‌గా ఉన్నాడు. మరొక సోదరుడు ఫ్రెడరిక్‌ను నార్మన్లను ఎదిరించిన ప్రసిద్ధ ఇంగ్లీషు వీరుడు హియర్‌వర్డ్ వధించాడు. ఫ్రెడరిక్ భూములు అనంతరం వారెన్ చేతికి వచ్చాయి. ఇంగ్లండులో గెలిచినవారి ఇండ్లలో కూడా దుఃఖం ఉండేదని ఈ సంఘటన చెబుతున్నది.

దంపతులిద్దరూ రోము యాత్రకు బయలుదేరారని, పోపుకు, చక్రవర్తికి మధ్య యుద్ధం జరుగుతున్నందున ముందుకు సాగలేక బర్గండీలోని క్లూనీ మఠంలో ఆగిపోయారని లూయిస్ మఠపు పత్రాల కథనం. క్లూనీ సన్యాసుల నియమనిష్ఠలు చూసి ముగ్ధులైన ఆ దంపతులు తమ లూయిస్‌లో కూడా అటువంటి మఠం నెలకొల్పాలని సంకల్పించారు. మఠాధిపతి హ్యూ మొదట సందేహించినా, చివరకు లాంజో నాయకత్వంలో నలుగురు సన్యాసులను పంపాడు. 1077 ప్రాంతంలో ఆరంభమైన లూయిస్ మఠం ఇంగ్లండులో మొదటి క్లూనీ శాఖ. తరువాతి కాలంలో దాని ప్రధానాలయం సుమారు 430 అడుగుల పొడవున విస్తరించింది.

గుండ్రాడా 1085 మే 27న కాజిల్ ఏకర్‌లో ప్రసవవేదనతో మరణించింది. ఆమె విజేత విలియం కుమార్తె అని మఠపు పత్రం ఒకటి చెప్పింది. తరతరాలు అది నిజమని నమ్మారు. 19వ శతాబ్దంలో పండితులు సుదీర్ఘంగా చర్చించి, ఆ మాట తరువాతి కాలంలో చేర్చిన కల్పన అని తేల్చారు. పాత కాగితం మీద ఉన్నదంతా సత్యం కాదని, పత్రాన్ని కూడా సాక్షిని ప్రశ్నించినట్లు ప్రశ్నించాలని చరిత్ర విద్యార్థులు దీనివలన గ్రహించవచ్చు.

మఠదాతగా కీర్తి పొందిన వారెన్‌కు మరొక ముఖం ఉన్నది. ఈలీ మఠం భూములను కొన్నిటిని ఆయన అన్యాయంగా అట్టిపెట్టుకొన్నాడని అక్కడి సన్యాసుల ఫిర్యాదు. ఆయన మరణించిన రాత్రి, దెయ్యాలు ఆయన ఆత్మను ఈడ్చుకొనిపోతుండగా ఆ ఆర్తనాదం తమ మఠాధిపతికి వినిపించిందని వారు కథ వ్రాసుకొన్నారు. ఆయన రెండవ భార్య పంపిన వంద షిల్లింగులను కూడా, పాపి సొమ్మని, తిప్పి పంపామని చెప్పుకొన్నారు. లూయిస్ సన్యాసులకు పుణ్యాత్ముడైనవాడు ఈలీ సన్యాసులకు నరకవాసి అయినాడు. ఒకే మనిషి గురించిన ఈ రెండు కథలకూ మూలం భూమే.

విశ్వాసం, మరణం

1075లో ముగ్గురు ఎర్ల్‌లు రాజు మీద కుట్ర పన్నినపుడు రాజు నార్మండీలో ఉన్నాడు. ఆయన తరఫున అధికారం నెరపినవారిలో వారెన్, రిచర్డ్ ఫిట్జ్ గిల్బర్ట్ ముఖ్యులు. వారు తిరుగుబాటుదారులను ఓడించి, పట్టుబడినవారి కుడిపాదాలు నరికించారు. రాజభక్తికి, క్రౌర్యానికి ఆ రోజులలో దూరం తక్కువ.

1087లో విజేత విలియం మరణించాడు. పెద్ద కుమారుడు రాబర్ట్‌కు నార్మండీ, మూడవ కుమారుడైన విలియం రూఫస్‌కు ఇంగ్లండు దక్కాయి. రెండు దేశాలలోను భూములున్న బారన్లకు ఇది ప్రాణసంకటమయింది. ఒక ప్రభువుకు విశ్వాసంగా ఉంటే మరొకరికి ద్రోహమవుతుంది. అనేకులు రాబర్ట్ పక్షం వహించగా వారెన్ రూఫస్ వైపు నిలిచాడు. అందుకు బహుమానంగా 1088లో ఆయనకు సర్రీ ఎర్ల్ బిరుదు లభించింది. ఆ గౌరవాన్ని ఆయన అనుభవించినది చాలా స్వల్పకాలం. పెవెన్సీ కోట ముట్టడిలో కాలికి బాణం తగిలి గాయపడగా ఆయనను లూయిస్‌కు తీసుకొనివచ్చారు. 1088 జూన్ 24న ఆయన కన్నుమూశాడు. తాను కట్టించిన మఠంలోనే, భార్య ప్రక్కన, ఆయనను సమాధి చేశారు.

వారసులు, తుప్పు పట్టిన కత్తి కథ

వారెన్ వంశీకులు 1347 వరకు ఎర్ల్‌లుగా వర్ధిల్లారు. మూడవ ఎర్ల్ రెండవ క్రూసేడు యుద్ధంలో 1148లో మరణించగా ఆస్తికంతటికీ ఇసబెల్ అనే కుమార్తె ఒక్కతే వారసురాలయింది. ఆమెను మొదట స్టీఫెన్ రాజు కుమారునికి, అతడు మరణించాక రెండవ హెన్రీ రాజు సవతి సోదరుడైన హామెలిన్‌కు ఇచ్చి వివాహం జరిపించారు. కోనిస్‌బ్రోలోని తెల్లని రాతి బురుజును కట్టించినది ఈ హామెలిన్. సర్ వాల్టర్ స్కాట్ ‘ఐవాన్‌హో’ నవలలో వర్ణించిన కోట ఇదే. స్కాట్ దానిని శాక్సన్ల నిర్మాణంగా భావించాడు. నిజానికి అది 12వ శతాబ్దపు కట్టడం. 1215 నాటి మాగ్నా కార్టా పీఠికలో రాజు సలహాదారులుగా పేర్కొన్నవారిలో ఈ దంపతుల కుమారుడు కూడా ఉన్నాడు. బారనీకి రిలీఫ్ వంద పౌండ్లకు మించరాదని, భర్త పోయిన స్త్రీని బలవంతంగా మరల పెళ్లి చేసుకోమనరాదని ఆ పత్రం శాసించింది. ఇసబెల్ వంటి వారసురాండ్ర జీవితాలు తెలిసినవారికి ఆ నిబంధనల విలువ సులభంగా అర్థమవుతుంది.

1264 మే 14న లూయిస్ పట్టణం ప్రక్కనే సైమన్ డి మాంట్‌ఫర్డ్ నాయకత్వంలోని బారన్లు మూడవ హెన్రీ రాజును ఓడించారు. అప్పటి వారెన్ ఎర్ల్ జాన్ రాజపక్షాన పోరాడి, ఓడి, సముద్రం దాటి పారిపోయాడు. మరుసటి ఏడాది మాంట్‌ఫర్డ్ సమావేశపరచిన పార్లమెంటులో కౌంటీల ప్రతినిధులతో పాటు పట్టణాల ప్రతినిధులు కూడా కూర్చొన్నారు.

ఇదే జాన్ గురించి ప్రచారంలో ఉన్న కథ ఒకటి ఆసక్తికరమైనది. 1278లో మొదటి ఎడ్వర్డ్ రాజు, బారన్లు ఏ అధికారంతో తమ హక్కులు అనుభవిస్తున్నారో రుజువు చూపమని విచారణ ప్రారంభించాడు. న్యాయాధిపతుల ముందు జాన్ పత్రమేదీ చూపక, తుప్పు పట్టిన పాత కత్తి నొకదానిని దూసి, ఇదే తన దస్తావేజు అన్నాడట. తన పూర్వికులు విజేత విలియంతో కలిసి వచ్చి కత్తితోనే నేల గెలిచారని, కత్తితోనే దానిని కాపాడుకొంటానని పలికాడట. చరిత్రకారులు దీనిని యథాతథంగా నమ్మరు. అయినా బారన్ల మనస్సులో ఏమి ఉండేదో చెప్పే కథగా ఇది నిలిచింది. కాని కాలం కత్తి పక్షాన నిలువలేదు. 1290లో కుదిరిన రాజీ ప్రకారం, 1189 నుండి అవిచ్ఛిన్నంగా అనుభవించామని చూపగలిగిన హక్కులు చెల్లుతాయని నిర్ణయమయింది. అంటే గెలుపు కాక, అనుభవం, సాక్ష్యం, పద్దు ప్రమాణమయ్యాయి.

రైలుదారి క్రింద సమాధులు

1537లో ఎనిమిదవ హెన్రీ రాజు లూయిస్ మఠాన్ని రద్దు చేశాడు. మరుసటి ఏడాది ఇటలీ నిపుణుడు పోర్టినారి బృందం ఆ మహాలయాన్ని నేలమట్టం చేసింది. గుండ్రాడా సమాధి మీది నల్లరాతి పలకను ఎవరో తీసుకొనిపోయి ఐస్‌ఫీల్డ్ గ్రామపు చర్చిలో మరొకరి సమాధికి వాడుకొన్నారు. 18వ శతాబ్దంలో అది గుర్తింపుకు వచ్చి తిరిగి లూయిస్ చేరింది.

1845 అక్టోబరులో బ్రైటన్ నుండి లూయిస్ మీదుగా రైలుమార్గం వేస్తూ కూలీలు మఠపు స్థలాన్ని తవ్వుతున్నారు. వారి పారలకు రెండు సీసపు పెట్టెలు తగిలాయి. ఒక్కొక్కటి ఇంచుమించు మూడడుగుల పొడవు. ఒకదాని మీద విలియం పేరు, రెండవదాని మీద గుండ్రాడా పేరు లాటిన్ రూపాలలో చెక్కి ఉన్నాయి. మఠంలో నిర్మాణాలు జరిగిన ఏదో కాలంలో సన్యాసులు ఆ దంపతుల అస్థికలను ఈ చిన్న పెట్టెలలోకి భక్తితో మార్చి ఉంటారు. పదమూడు కౌంటీల భూములకు అధిపతి అయినవానికి చివరకు మిగిలినది మూడడుగుల సీసపు పెట్టె. ఆ పెట్టెలను, గుండ్రాడా సమాధి పలకను లూయిస్‌లోని సౌతోవర్ చర్చిలో భద్రపరచారు.

ముగింపు

విలియం డి వారెన్ సాహసి, కార్యదక్షుడు, స్వామిభక్తి పరాయణుడు. అదే సమయంలో అన్యుల భూమిని ఆక్రమించినవాడు, ఓడినవారి పట్ల కఠినుడు. ఈ రెండింటిలో ఒకదానినే చెబితే అది స్తోత్రమో నిందో అవుతుంది కాని చరిత్ర కాదు. ఆయన కోటలు శిథిలమయ్యాయి, మఠం నేలమట్టమయింది, వంశం అంతరించింది, చేపల పల్లె నగరమయింది. గొర్రె తోలు మీద లేఖకుడు వ్రాసిన లెక్క మాత్రం తొమ్మిది శతాబ్దాలు దాటినా లండనులోని జాతీయ పత్రభాండారంలో చెక్కుచెదరకుండా ఉన్నది. బారన్ సంపద ఎంతో అదే చెబుతున్నది. ఆ సంపదను సృష్టించిన పేరులేని వేలాది శ్రామికులు ఉండేవారని కూడా అదే సాక్ష్యమిస్తున్నది.

ఆ గ్రంథంలోని లోపం కూడా అక్కడే ఉన్నది. అది ఎద్దులను లెక్కించినట్లే మనుషులను లెక్కించింది, పేరు అడగలేదు. పాఠశాల ప్రవేశ పట్టికలో ఆ లోపం లేదు. భూమి ఉన్న ఇంటి బిడ్డకు, కూలివాని బిడ్డకు అందులో ఒకే వరుస, ఒకే వెడల్పు గడి, ఒక పూర్తి పేరు. డెబ్బయి అయిదు సంవత్సరాలుగా ఉపాధ్యాయులు ఓపికతో నింపిన ఆ పాత పట్టికలు బీరువాలలో ధూళి పట్టి ఉండవచ్చు; అంచులు చిరిగి ఉండవచ్చు. వాటిని జాగ్రత్త చేయటం ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో ఒక భాగం కావాలి. ఆ పట్టికలలో తమ పేర్లున్నవారి మనుమలు ఏనాడైనా వచ్చి అడిగితే, అంకె కాక పేరు చూపగలగాలి.